గోదావరి దాటొచ్చిన నాణెం

ఇనుమును ఒక్క దెబ్బ కొట్టి చూడండి, చాలాసేపు మాట్లాడుతుంది. రాయిని కొట్టండి, ఒక్క మాట అని ఊరుకుంటుంది. నా ఉద్యోగమంతా ఈ రెండు వాక్యాల మీదే నడిచింది. మొదటి వాక్యం నా గురించి కూడా చెబుతోందని మా డిపార్ట్‌మెంట్లో అందరూ అంటారు.

కొత్తగా పరిశోధనలో చేరి, గైడు కనబడితే గోడవారకు జరిగే పిల్లలారా, ఇది మీకోసమే. కరీంనగర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, వస్తువులను తయారుచేసే యంత్రాల మీద పరిశోధన చేస్తూ, చేయిస్తూ సగం తల నెరిపించుకున్నాను. మిగతా సగం నెరవకముందే నన్ను కడ్డీలు తిప్పి చెక్కే లేత్ దగ్గర నుంచి లేపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ సంతకాలే తప్ప చెక్కడానికి ఏమీ లేదు. అందుకని పాత రోజులను చెక్కుతున్నాను. పొట్టు కాస్త ఎక్కువ రాలితే ఏమనుకోకండి.

నేను అబద్ధాలు చెప్పను. నిజాన్ని కొంచెం సాగదీస్తాను, అంతే. సాగే గుణం లేని లోహాన్ని ఎవరూ మెచ్చుకోరని క్లాసులో మనమే చెబుతాం కదా. ఒకసారి ఏదో సదస్సులో టీ తాగుతూ ఒక ముచ్చట చెప్పాను. మా పాత లేత్ మీద కడ్డీ చెక్కుతుంటే ఇనుప పొట్టు తెగకుండా తీగలా సాగి, కిటికీలోంచి బయటపడి, రోడ్డు పట్టుకుని చొప్పదండి చేరిందనీ, అక్కడ ఒక రైతు దాన్ని దండెంగా కట్టి బట్టలు ఆరేసుకున్నాడనీ. అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం తడిబట్టల బరువుకైనా తెగలేదా అని అడిగాడు. తెగలేదు కానీ కొంచెం సాగిందని, ఆ సాగినంత మేర పక్కింటివాళ్లు వాడుకున్నారని చెప్పాను. ఆ ముచ్చట నాకంటే ముందు ఊళ్లు తిరిగింది. దాని ఫలితం తర్వాత చూస్తారు.

ఇక మా పని. లేత్ అడుగున ఉండే బరువైన దిమ్మెను బెడ్ అంటారు. మామూలుగా దాన్ని ఇనుముతో పోస్తారు. పైన కడ్డీ తిరుగుతూ, టూల్ చెక్కుతూ ఉంటే ఆ వణుకు ఇనుములో గంట మోగినట్టు చాలాసేపు తిరుగుతుంది. తిరిగితే చెక్కిన కడ్డీ మీద సన్నటి గీతలు పడతాయి. రాయి అయితే వణుకును మింగేస్తుంది. మా జిల్లాలో గ్రానైటుకు కరువా? క్వారీల దగ్గర కోసి పారేసిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని కంకరగా కొట్టించి, జిగురు రసాయనం కలిపి, అచ్చులో పోసి బెడ్ చేస్తే ఎట్లా ఉంటుందన్నదే మా పరిశోధన. ఈ ఆలోచన లోకంలో చాలామందికి వచ్చింది. మా ఊరి రాయితో చేయాలన్నది మాత్రం మా సొంతం.

మా అంటే ఇద్దరం. నేనూ, నా దగ్గర చేరిన ఒక స్కాలరూ. ఆ అమ్మాయిది గోదావరిఖని. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయిలో దిగినవాళ్లు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, కిందికి పోవాలో వద్దో తేల్చుకుంటారు. ఆ అలవాటు బిడ్డకు వచ్చింది. ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేది. ఒకసారి ప్రిన్సిపాల్ గారి బల్లను కూడా తట్టి, లోపల చెదలున్నాయని చెప్పింది. ఉన్నాయి. ఆమె మాట మాత్రం గ్రానైటే. అడిగినదానికి జవాబు చెప్పి ఆపేది. ఆమె నోట సాగదీసిన వాక్యం ఒక్కటి కూడా నేను వినలేదు. ఇద్దరినీ ఒకే గదిలో పడేసిన దేవుడు మంచి ఇంజనీరే అనుకునేవాణ్ని.

మాకు సాయంగా ఒక మెకానిక్ ఉండేవాడు. అతనిది ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర అంచున ఉన్న పల్లె. ఆడపిల్లలందరినీ మరాఠీలో అక్కా అన్నట్టు తాయి అని పిలిచేవాడు. అబ్బురపడటంలో అతన్ని మించినవాడు లేడు, అందుకే నాకు ప్రాణం. వాళ్ల ఊరి చలికి ఒకసారి షాఫ్టు ముడుచుకుపోయి, బేరింగులోంచి దానంతట అదే బయటికి జారి, పొయ్యి దగ్గర కాగిందని నేను చెబితే, అవునన్నాడు. ఆ షాఫ్టు తమ మేనమామ ఇంట్లోదేనన్నాడు.

మొదటిసారి పోసిన బెడ్ అచ్చు విప్పితే అంతా చిల్లులే, పెనం మీది దోసెలా. కంకర కంకరే కదా, పెద్దదీ చిన్నదీ ఏరడం ఎందుకని నేనే తొందరపెట్టాను. రెండోసారి అచ్చుకు మైనం సరిగా పూయలేదు. బెడ్ అచ్చును వదల్లేదు, అచ్చు బెడ్‌ను వదల్లేదు. పెళ్లయిన కొత్త జంటలా ఉన్నాయని నేనంటే మా స్కాలర్ నవ్వలేదు. ఆ జంట ఇప్పటికీ డిపార్ట్‌మెంట్ ముందు వేపచెట్టు కింద బెంచీగా ఉంది. దాని మీద కూర్చున్న వాళ్ల మధ్య కొన్ని పెళ్లిళ్లు కూడా కుదిరాయి.

మూడోసారి ఆమె నా మాట వినలేదు. వాళ్ల అమ్మమ్మది పెద్దపల్లి దగ్గర వరి పండే పల్లె. కుంచంతో వడ్లు కొలిచేవాళ్లు కుంచాన్ని తట్టితట్టి కుదిస్తారు. కుదించినకొద్దీ ఇంకా పడతాయి. ఆమె కంకరను జల్లెడలతో పెద్ద, మధ్య, సన్న రకాలుగా విడదీసి, అచ్చును కింద నుంచి వణికిస్తూ పొరలు పొరలుగా పోయించింది. పెద్ద ముక్కల సందుల్లోకి మధ్యవి, మధ్యవాటి సందుల్లోకి సన్నవి చేరాయి. గాలికి జాగా లేకుండా పోయింది. అచ్చు విప్పాక ఆమె కణుపుతో తట్టింది. ఒక్క మాట అని ఊరుకుంది దిమ్మె. ఆమె ముఖంలో నవ్వు చూడటం నాకదే మొదలు.

ఎర్రగోధుమ రంగు మీద నల్లచుక్కలతో బెడ్ అందంగా వచ్చింది. ఈ రంగును గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది. దాని చివర అరచేతంత జాగాను అద్దంలా నునుపు చేశాం. ఆ జాగాలో మెకానిక్ రోజూ ఒక రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టేవాడు. మిషన్ నడిచినా అది పడేది కాదు. పాతకాలపు వర్క్‌షాపుల్లో మిషన్ను పరీక్షించే పద్ధతే అది. అతను పక్క బ్రాంచీల వాళ్లను కూడా పిలుచుకొచ్చి చూపేవాడు. మా స్కాలర్‌కు మాత్రం ఇది నచ్చేది కాదు. వణుకును కొలిచే పరికరం ఉండగా బిళ్లతో ఆటలేమిటని, తన థీసిస్‌లో బిళ్ల ఊసే ఉండదని తేల్చి చెప్పింది.

ఇంతలో పరిశీలన కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్లు చూసి పనికొస్తుందంటే ఆమె ఫెలోషిప్ కొనసాగి, పరిశోధన పూర్తవుతుంది. పనికిరాదంటే బెడ్ పాతసామాన్ల గదికి, ఆమె డిగ్రీ లేకుండా ఇంటికి. నడుమ దారి లేదు. కమిటీ పెద్ద ఎవరో కనుక్కున్నాను. తడిబట్టల బరువు సంగతి అడిగిన పెద్దమనిషే ఆయన.

ముందురోజు సాయంత్రం మా స్కాలర్ నా గదికి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, రేపు మీరు మాట్లాడకుండ్రి. దండం పెడ్త."

గైడును మాట్లాడవద్దంటే ఎట్లా అని అడిగాను. గ్రాఫులు తానే చూపిస్తానంది, మిషన్ తానే నడుపుతానంది. నా నోటి నుంచి ఒక్క మాట వచ్చినా వాళ్లు అన్నిటినీ ముచ్చట కిందే జమకట్టేస్తారంది. ఆ మాటలో సాగదీసింది ఏమీ లేదు, అదే నొప్పించింది. సరే, గొంతు పోయిందని చెప్పుదామన్నాను.

"గది గూడ అబద్ధమే గద సార్. సప్పుడు జెయ్యకుంట నిలవడుండ్రి. సాలు."

ఒప్పుకున్నాను. తెల్లారి మాత్రం మెడకు మఫ్లరు చుట్టుకుని వెళ్లాను. మా కరీంనగర్ ఎండల్లో మఫ్లరు! అది నోటితో చెప్పిన అబద్ధం కాదు కనుక మాట తప్పినట్టు కాదని నా వాదన. ఆమె ఒకసారి మఫ్లరు వైపు, ఒకసారి నా వైపు చూసి పనిలో పడింది.

కమిటీవాళ్లు చెప్పిన వేళ కంటే ముందే వచ్చేశారు. పెద్దాయన తెలుగువాడే కానీ చాలాకాలంగా ఉత్తరాదిలో స్థిరపడ్డాడు. రైల్లో వచ్చి పెద్దపల్లిలో దిగి కారెక్కారు. నన్ను చూడగానే ఆగిపోయాడు.

"చొప్పదండి దండెం తాలూకు మనిషి మీరే కదూ?"

నేను నవ్వి, మఫ్లరు తట్టి, తల ఊపాను. ఎంత కష్టమో చెప్పలేను. ఆ తీగ తర్వాత తుప్పుపట్టి ఎట్లా పోయిందో కొత్త ముచ్చటొకటి నాలుక చివర సిద్ధంగా ఉంది. మింగేశాను.

మా స్కాలర్ గ్రాఫులు చూపించింది. ఇనుప బెడ్ గీత చాలాసేపు ఎగిరెగిరి పడుతోంది. రాతి బెడ్ గీత ఒకసారి ఎగిరి పడుకుంది. పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత బాగా వచ్చిన గ్రాఫులు నేను ఈ మధ్య చూడలేదు. నా అనుమానం కూడా అదే. కంటికి కనిపించేది ఏదైనా ఉందా?"

ఆమె ఏదో చెప్పబోయేలోపే మా మెకానిక్ ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. బిళ్ల తీసి నునుపు జాగాలో పెట్టాడు. మామూలుగా దాన్ని నిలబెట్టడానికి అతనికి చాలా ఓపిక పట్టేది. ఆ రోజు ఒక్క పట్టుకే నిలబడింది. అతను పైకి చూసి దండం పెట్టుకున్నాడు. నాకు ఎడమ కన్ను అదిరింది.

మిషన్ నడిచింది. బిళ్ల కదలలేదు. కమిటీలో మిగతా ఇద్దరూ ముందుకు వంగారు. పెద్దాయన అందరికంటే ఎక్కువ వంగాడు. మిషన్ ఆపమని చేయి చూపి, బిళ్లను రెండు వేళ్లతో పట్టి ఎత్తాడు. సన్నగా చప్పుడైంది, అంటుకున్నది ఊడినప్పుడు అయ్యే చప్పుడు. బిళ్ల అంచున ఎర్రటి ముద్ద. ఆయన వాసన చూశాడు.

గ్రీజు. అందులో కుంకుమ.

జరిగింది ఇదీ. మా వైపు ఏ మిషన్ను పెద్దవాళ్ల ముందు నడపాలన్నా ముందు పూజ చేయాల్సిందే. కొబ్బరికాయ, నిమ్మకాయ, పసుపు, కుంకుమ. మా మెకానిక్ పొద్దున్నే వచ్చి ఆ పని కానిచ్చాడు. కొబ్బరికాయను నీళ్లు చిందకుండా బయటే కొట్టాడు. మిషన్‌కు తడి తగలకూడదన్న వర్క్‌షాపు నియమం అతని నెత్తురులో ఉంది. అందుకని కుంకుమను నీళ్లలో తడపలేదు, గ్రీజులో కలిపాడు. కనబడిన బొట్లన్నీ మా స్కాలర్ తుడిచింది. కానీ అతను అసలైన బొట్టును బిళ్ల నిలబడే జాగాలో పెట్టాడు. ఎర్రగోధుమ రాయి మీద ఎర్ర బొట్టు, ఎవరికీ కనబడలేదు. రంగు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

పెద్దాయన నన్ను చూశాడు. కోపం లేదు. అంతకంటే పాడుది, జాలి.

"దండెం సరదాగా ఉంది. ఇది బాగాలేదు."

మెకానిక్ చేతులు జోడించాడు. "నేనే పూజ జేసిన సార్. నీళ్లు తాకితె జంగు పడ్తదని గ్రీజుల గలిపిన. బిళ్ల నిలవడే జాగ గద, గదే దేవుని జాగ అనుకున్న. తాయికి ఎర్కలేదు, సార్‌కు ఎర్కలేదు."

నిజం. పచ్చి నిజం. కానీ నా గదిలో, నా మనిషి నోట వచ్చిన నిజం కదా. పెద్దాయన అతని భుజం తట్టి, మీరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారా అని మెల్లగా అడిగాడు. నా లోపల ఇనుము గంటలా మోగుతోంది. వివరించాలి, బతిమాలాలి, ఏదైనా చెప్పాలి. నోరు తెరిచాను. మా స్కాలర్ నా వైపు చూసింది. నోరు మూశాను. నా జీవితంలో నేను చేసిన అత్యంత బరువైన పని అదే, క్రేన్‌తో ఎత్తినవన్నీ కలిపినా.

ఆమె కిరోసిన్‌లో గుడ్డ ముంచి నునుపు జాగాను తుడిచింది. పొడిగుడ్డతో మళ్లీ తుడిచింది. తెల్లకాగితం పెట్టి రుద్ది, కాగితానికి మరక అంటలేదని పెద్దాయనకు చూపింది.

"సార్, మీ జేబుల బిళ్ల ఉంటె తియ్యుండ్రి. మీరే నిలవెట్టుండ్రి. మేమెవ్వలం ముట్టం."

ఇక్కడ వచ్చింది చిక్కు. ముగ్గురు పెద్దమనుషులూ జేబులు తడుముకున్నారు. ఫోన్లున్నాయి, కార్డులున్నాయి, బిళ్ల లేదు. ఈ రోజుల్లో ఎవరి దగ్గర ఉంటుంది? మా క్యాంటీన్‌లో చాయ్ కూడా ఫోన్‌తోనే. ఒక పరిశోధన భవిష్యత్తు ఒక్క రూపాయి బిళ్ల లేక ఆగిపోయిందని నేనే కథ అల్లి చెప్పినా ఎవరూ నమ్మరు. మా బిళ్లలు వాడితే ఆయనకు నమ్మకం లేదు.

అప్పుడు పెద్దాయన చొక్కా జేబులో అడుగున ఏదో దొరికింది. ఆయన ముఖం మారింది. బయల్దేరేటప్పుడు ఆయన భార్య ఇచ్చిందట, గోదావరి మీద రైలు పోయేటప్పుడు నీళ్లలో వేయమని. రామగుండం రాకముందు వంతెన దాటేటప్పుడు ఆయన మంచి నిద్రలో ఉన్నాడు. అట్లా గోదావరికి చేరాల్సిన బిళ్ల మా వర్క్‌షాపుకు చేరింది.

ఆయనే నిలబెట్టాడు. పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. అనుభవం లేని చేయి. మెకానిక్ సాయం చేయబోయి, తన చేతులు తానే వెనక్కి కట్టుకున్నాడు. ఎవరో ఫ్యాను ఆపారు. చెమట కారుతోంది, నాకు మఫ్లరులో ఇంకా ఎక్కువ. చివరకు ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, చిన్నపిల్లవాడిలా నాలుక బయటపెట్టి నిలబెట్టాడు. వేళ్లు తీశాడు. నిలబడింది.

ఆమె మిషన్ వేసింది. కడ్డీ తిరిగింది. టూల్ ఆనించింది. సన్నటి కోత కాదు, మేం మామూలుగా తీసేదానికంటే లోతైన కోత. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. బిళ్ల నిలబడే ఉంది. ఆమె ఇంకా లోతుకు పోయింది. బిళ్ల మీది ప్రతి అక్షరాన్నీ చదవొచ్చు, అంత నిశ్చలం. ఆమె మిషన్ ఆపి, పక్కనున్న పాత ఇనుప లేత్ వైపు చేయి చూపింది.

పెద్దాయన అక్కడా తానే నిలబెట్టాడు. ఆమె అదే కోత మొదలుపెట్టిందో లేదో బిళ్ల తాగినవాడిలా తూలి, కింద పడి, దొర్లుకుంటూ బల్లల కిందికి పోయింది. మెకానిక్ పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి తెచ్చాడు. తల మీద బూజు, చేతిలో బిళ్ల. పెద్దాయన ముందు నవ్వు ఆపుకుందామని చూశాడు. తర్వాత ఆపుకోలేదు. కమిటీ అంతా నవ్వింది. మెకానిక్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పెద్దాయన మా స్కాలర్‌తో చాలాసేపు మాట్లాడాడు. కంకర కుదించిన పద్ధతి అడిగి మరీ మళ్లీ చెప్పించుకున్నాడు. పోయేముందు నా దగ్గర ఆగి, గొంతుకేమైందని అడిగాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె ఒక వేలు చూపించింది. ఒక్కమాటకు పర్మిషన్ అన్నమాట.

"చాయ్" అన్నాను.

ఆమె పరిశోధన పూర్తయింది. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. అక్కడి పిల్లలు క్లాసుకు వచ్చేముందు బల్లలు తట్టి చూస్తారట. ఆమె థీసిస్‌లో అన్నట్టుగానే బిళ్ల ఊసు లేదు. గ్రాఫులే ఉన్నాయి. కాబట్టి ఆ బిళ్ల ఎవరిదీ కాకుండా, సాగడానికి సిద్ధంగా, లోకంలో వదిలేసిన ముచ్చటగా మిగిలింది.

ఈ మధ్య ఒక సదస్సుకు నేనూ ఆమే కలిసి వెళ్లాం. వేదిక మీద పెద్దాయన. పదవీ విరమణ చేశాక మనిషి బాగా వదులయ్యాడు. మాటల మధ్యలో మా వర్క్‌షాపు ఎత్తాడు. కరీంనగర్‌లో ఒక రాతి లేత్ చూశానన్నాడు. కడ్డీ చెక్కుతుంటే దాని మీద రూపాయి బిళ్ల నిలబడిందన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ బిళ్ల అంచు మీద ఇంకో బిళ్లను నిలబెడితే అదీ నిలబడిందన్నాడు.

ఎన్నో ఏళ్లుగా ఇట్లాంటివి చెప్పి తిట్లు తిన్న మనిషిని. ఇప్పుడు నా కళ్లముందే ఇంకొకరు నా ముచ్చటను నాకంటే బాగా సాగదీస్తున్నారు. అసూయ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ముందు వరసలో ఒక కుర్రవాడు లేచి, రెండో బిళ్ల కూడా చూశారా సార్ అని అడిగాడు. పెద్దాయన జేబులోంచి గోదావరి దాటొచ్చిన బిళ్ల తీసి చూపించాడు. తిరుగు ప్రయాణంలో మేలుకునే ఉన్నా, నీళ్లలో వేయడానికి మనసొప్పలేదట. మరి రెండోది? ఆయన తడబడ్డాడు. హాలంతా కళ్లతో వెతికి, చివరికి నన్ను పట్టుకున్నాడు.

"ఆ రోజు అక్కడే ఉన్న మనుషులు ఇక్కడున్నారు. అడగండి."

తలలన్నీ మావైపు తిరిగాయి. ఎవరైనా నన్ను నిజం చెప్పమని అడిగిన మొదటి సందర్భం అది. ఏం చెప్పను? పెద్దాయన పరువు ఒకవైపు, పక్కన కూర్చున్న గ్రానైటు ఒకవైపు. అలవాటుగా చేయి మెడ మీదికి పోయింది. మఫ్లరు లేదు.

పక్కన కుర్చీ చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది. గ్రాఫు చదివేటప్పటి గొంతే, ముఖంలో గీత కూడా కదలలేదు.

"రెండు గాదు సార్, మూడు. కడమ రెండు బిళ్లలు గోదావరిల ఏసినం."

కూర్చుంది. కుర్రవాడు తల ఊపి రాసుకున్నాడు. హాలంతా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఆమె మాట కదా. నేను మాత్రం రుమాలు నోట్లో కుక్కుకుని, ఎవరో గట్టి దెబ్బ వేసిన ఇనుములా, చాలాసేపు మోగుతూనే ఉన్నాను.